మూత్రంలో బెంజీన్ గుర్తు 1.3 వచ్చింది, పరిమితి 0.5 అట. ఈ అంకెను ఎలా చదవాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆయన గాజువాక అవతల ఒక టెర్మినల్‌లో పెట్రోలు ట్యాంకర్లు నింపే పనిలో ఉన్నారు, కాంట్రాక్టు మీద. ఏడాదికోసారి చేసే హెల్త్ చెకప్‌లో ఈసారి మూత్రం కూడా తీసుకున్నారు. రిపోర్టులో "ట్రాన్స్,ట్రాన్స్-మ్యూకోనిక్ యాసిడ్ 1.3 మి.గ్రా./లీ." అని, పక్కన "పరిమితి 0.5" అని, కింద ఎర్ర అక్షరాల్లో "హై" అని ఉంది. ఒంట్లోకి వెళ్లిన బెంజీన్ మూత్రంలో మిగిల్చే గుర్తు ఆ యాసిడ్. అదే గాంట్రీలో, అంటే ట్యాంకర్లు నింపే చోట, పనిచేసే మిగతా ఆరుగురికీ నార్మల్ వచ్చింది. మీరు ల్యాబుకి ఫోన్ చేస్తే, మూత్రం చిక్కదనాన్ని అంచనా వేయడానికి కొలిచే క్రియాటినిన్ 2.8 గ్రా./లీ. అని చెప్పారు. పెట్రోల్లో ఉండే బెంజీన్ అంటే బ్లడ్ క్యాన్సర్ అని ఎక్కడో చదివి మూడు రోజులుగా నిద్ర లేదన్నారు. ఆయనకు క్యాన్సర్ వచ్చేస్తుందా, ఉద్యోగం మానేయాలా అని అడిగారు.

నేను ఇక్కడ విశాఖలోనే ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి మూత్ర పరీక్షలు చేసే ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ముందు ఒక్క మాట చెబుతాను, తర్వాత మిగతాది తీరిగ్గా చదవండి. ఈ రిపోర్టు చూసి ఆయనకు జబ్బు ఉందని చెప్పలేం. అలాగని ఏమీ లేదనీ చెప్పలేం. మూత్రం డబ్బా నింపిన వేళ, ఆయన ముందురోజు తిన్న తిండి, అంకెను రాసిన పద్ధతి, ఈ మూడూ తేడాగా ఉన్నాయి. మెషీన్ తప్పు చెప్పిందని నేను అనుకోవడం లేదు. మెషీన్ దాకా రాకముందే కథ చాలావరకు అయిపోయింది.

ముందు అంకె సంగతి. పక్కన వేసిన 0.5 లీటరు మూత్రానికి కాదు, గ్రాము క్రియాటినిన్‌కి. ఈ పరీక్షలకు మన దగ్గర ఎక్కువమంది చూసేది అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ ఇచ్చే విలువలు. వాళ్లు మ్యూకోనిక్ యాసిడ్‌కి చాలాకాలంగా ఇస్తూ వచ్చింది గ్రాము క్రియాటినిన్‌కి 500 మైక్రోగ్రాములు, అంటే 0.5 మి.గ్రా. మీ రిపోర్టులో ఒకవైపు లీటరు లెక్క, ఇంకోవైపు గ్రాము లెక్క. కిలోల్లో తూచిన బియ్యాన్ని లీటర్ల ధరతో కొనడం లాంటిది ఇది. మీకు ల్యాబు చెప్పిన క్రియాటినిన్‌తో భాగిస్తే 1.3 ÷ 2.8 = 0.46. అంటే ఎర్ర అక్షరాల్లో "హై" అని వేయాల్సిన పని లేదు. ప్రింటు తీసిన కుర్రాడు సాఫ్ట్‌వేర్‌లో యూనిట్ మార్చకపోయి ఉంటాడు. నా సర్వీసులో ఈ తప్పును చూసినన్నిసార్లు మరే తప్పునూ చూడలేదు.

క్రియాటినిన్‌తో ఎందుకు భాగిస్తారంటే, మూత్రం చిక్కదనం గంటగంటకీ మారుతుంది కాబట్టి. మే నెలలో ఎండలో నిలబడి ట్యాంకరు మీద పనిచేసే మనిషి ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. మూత్రం కొంచెమే వస్తుంది, ముదురు పసుపు రంగులో వస్తుంది. అందులో ఏది కొలిచినా ఎక్కువే కనిపిస్తుంది. అదే మనిషి రెండు గ్లాసుల మజ్జిగ తాగి వస్తే అంకె సగమైపోతుంది. కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో క్రియాటినిన్ బయటికి వస్తుంది కాబట్టి దాన్ని కొలబద్దగా పెట్టుకుంటారు. కొలిచే పద్ధతి చాలా పాతది. దానికి మూలమైన రంగు మార్పును 1886లో యాఫే అనే ఆయన కనిపెట్టాడు. క్షార ద్రావణంలో పిక్రిక్ యాసిడ్ కలిపితే మూత్రం నారింజ రంగుకి తిరుగుతుంది, ఆ రంగు ముదురుదనాన్ని కొలుస్తారు. షుగరు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకీ, కీటోన్లు పోతున్నవాళ్లకీ ఇది కాస్త తప్పు చెబుతుంది, అందుకే ఇప్పుడు చాలా ల్యాబులు ఎంజైమ్ పద్ధతికి మారాయి.

కానీ ఈ కొలబద్దకీ హద్దులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం క్రియాటినిన్ లీటరుకు 0.3 నుంచి 3 గ్రాముల మధ్య ఉంటేనే ఆ శాంపిల్ పనికొస్తుంది. బయట ఉంటే పారబోసి ఇంకోటి తీసుకోవాలి. మీ ఆయనది 2.8, గట్టు మీదే ఉంది. నేనైతే ఆయనకు నీళ్లు తాగించి ఇంకోసారి తీయించేవాడిని. కండలు తిరిగిన లోడింగ్ కూలీకీ, బక్కగా ఉండే పెద్దాయనకీ క్రియాటినిన్ ఒకేలా ఉండదు. అందుకని నేను ఎప్పుడూ సాంద్రత కూడా చూసేవాడిని. రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి కన్ను పెడితే చాలు, అది 1.010 నుంచి 1.030 లోపల ఉండాలి. అర నిమిషం పని. కానీ చాలాచోట్ల చేయరు.

ఇక వేళ సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీ ఆయనది బి షిఫ్ట్, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా అన్నారు. డబ్బా ఇచ్చింది మర్నాడు ఉదయం 9కి. ఆ 0.5 అనే పరిమితి షిఫ్టు అయిపోగానే తీసిన మూత్రానికి. బెంజీన్ ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి కాలేయంలోకి వెళ్లి అక్కడ ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఒకటి ఈ మ్యూకోనిక్ యాసిడ్. ఒంట్లో ఉన్నది సుమారు ఐదు గంటలకు సగమైపోతుంది. పదకొండు గంటల తర్వాత తీస్తే ఇంచుమించు నాలుగో ఐదో వంతే మిగలాలి. అలా చూస్తే, అది నిజంగా బెంజీన్ వల్లే వచ్చిందైతే, రాత్రి 10కి తీసి ఉంటే 0.46 బదులు 2 దగ్గర వచ్చేదేమో అని అనుమానించాలి. రాత్రంతా మూత్రాశయంలో చేరిన మూత్రమైతే కొంచెం సగటు అవుతుంది, అయినా అనుమానం పోదు. చూశారా, ఇందాక తగ్గించిన అంకెను ఇప్పుడు పెంచుతున్నాను. విసుక్కోకండి.

వేళ ఎంత ముఖ్యమో ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైంది కదా, పన్నెండు మంది పోయారు. స్టైరీన్ పీల్చినవాళ్ల మూత్రంలో మాండెలిక్ యాసిడ్, ఫినైల్ గ్లయాక్సిలిక్ యాసిడ్ కనిపిస్తాయి. మాండెలిక్ యాసిడ్ రెండు విడతలుగా పోతుంది. మొదటిది నాలుగు గంటలకు సగం అయ్యేది, రెండోది ఒక రోజుకు సగం అయ్యేది. నాలుగు రోజులు గడిస్తే ఆ రెండో విడతది కూడా పదహారో వంతుకు దిగిపోతుంది. అప్పట్లో మా పాత మిత్రులొకరు నాకు ఫోన్ చేసి, వారం తర్వాత చుట్టాలకు పరీక్ష చేయిస్తే నార్మల్ వచ్చింది, కాబట్టి గ్యాసు తగల్లేదన్నమాటే కదా అని అడిగారు. వారం తర్వాత తీసిన డబ్బాలో ఏమీ లేకపోతే, వారం గడిచిందని మాత్రమే తెలుస్తుంది.

మూడోది తిండి. మీరు రాసిన వాటిలో నాకు ఠక్కున పట్టిన వాక్యం ఒకటుంది. ముందురోజు రాత్రి ఎవరిదో పుట్టినరోజని షిఫ్టులో బేకరీ కేకు, ప్యాకెట్ జ్యూసు తెచ్చుకున్నారని. బూజు పట్టకుండా ప్యాకెట్ కేకుల్లో, చీజ్‌లో, కొన్ని జ్యూసుల్లో సోర్బిక్ యాసిడ్ గానీ పొటాషియం సోర్బేట్ గానీ వేస్తారు. మన ఒళ్లు దాన్లో వెయ్యో వంతు చొప్పున ఇదే మ్యూకోనిక్ యాసిడ్‌గా మార్చేస్తుంది. వినడానికి చిన్న లెక్కే. కానీ ఒక పెద్ద ముక్క కేకులో వంద మిల్లీగ్రాముల సోర్బిక్ యాసిడ్ ఉంటే, 0.1 మి.గ్రా. మ్యూకోనిక్ యాసిడ్ అక్కణ్నుంచే వచ్చేస్తుంది. ఆ రాత్రి మీ ఆయన ఒక్క ముక్కతో ఆపి ఉంటారని నేను అనుకోను. మిగతా ఆరుగురూ ఆ పార్టీలో ఉన్నారో లేదో కనుక్కోండి. ఉండి కూడా వాళ్లకు రాకపోతే నా అనుమానం కాస్త బలహీనపడుతుంది.

తిండితో పేచీ బెంజీన్‌కి మాత్రమే కాదు. పెయింటు థిన్నర్లలో ఉండే టోల్యూయిన్ పీల్చారా అని చూడటానికి పూర్వం హిప్పూరిక్ యాసిడ్ కొలిచేవాళ్లం. కొన్న పచ్చడి సీసాల్లో, కూల్‌డ్రింకుల్లో వేసే సోడియం బెంజోయేట్ కూడా ఒంట్లో హిప్పూరిక్ యాసిడ్‌గానే మారుతుంది. ఏ థిన్నరూ వాసన చూడని మనిషికి కూడా బండెడు వస్తుంది. ఇంట్లో పెట్టిన ఆవకాయ వల్ల ఈ బెడద లేదు లెండి. చివరికి ఏసీజీఐహెచ్ వాళ్లు ఆ పరీక్షను జాబితాలోంచి తీసేశారు, ఇప్పుడు ఆర్థో-క్రెసాల్ చూస్తారు. ఇప్పటికీ పెయింటు షాపుల వాళ్లకి హిప్పూరిక్ యాసిడ్ రాసే చోట్లున్నాయి.

సముద్రం ఒడ్డునున్న ఊరు కాబట్టి ఆర్సెనిక్ సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ఒక ఫ్యాక్టరీ నుంచి నలభై డబ్బాలు సోమవారం ఉదయం వచ్చాయి. మొత్తం ఆర్సెనిక్ చూడమన్నారు. సగం మందికి భయపడేటంత వచ్చింది. ఆదివారం ఏం తిన్నారయ్యా అని అడిగితే ఒకాయన వంజరం పులుసు, ఇంకొకాయన పీతలు, అందరిదీ ఇదే వరస. చేపల్లో ఉండే ఆర్సెనోబీటైన్ ఒంటికి హాని చేయదు, కానీ మొత్తం ఆర్సెనిక్ కొలిచే మెషీన్‌కి అదీ, హాని చేసే ఆర్సెనికూ ఒకటే. వాటిని విడదీయాలంటే ముందు క్రోమటోగ్రఫీ కాలమ్‌లో వేరు చేసి తర్వాత మూలకాలను బరువును బట్టి కొలిచే ఐసీపీ-ఎంఎస్ మెషీన్‌లోకి పంపాలి. లేదా మూడు నాలుగు రోజులు చేపలు మానిపించి, వారం పని అయ్యాక తీయాలి. జాలరి ఇంట్లో మూడు రోజులు చేప మానమంటే మనల్ని వింతగా చూస్తారు. మూత్రంలోని ఉప్పుతో ఇంకో తంటా ఉంది. మెషీన్‌లోని ఆర్గాన్, ఉప్పులోని క్లోరిన్ కలిసి సరిగ్గా ఆర్సెనిక్ బరువు 75 దగ్గరే కనిపిస్తాయి. దాన్ని హీలియం సెల్‌తో విడగొట్టకపోతే ఉప్పుచేప తిన్నవాడికల్లా ఆర్సెనిక్ అంటగట్టేస్తాం.

ఇప్పుడు మీ ఆయన పరీక్ష ల్యాబులో ఎలా జరిగి ఉంటుందో చెబుతాను. మ్యూకోనిక్ యాసిడ్‌ని మామూలుగా హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్ మీద చేస్తారు. ఒక మిల్లీలీటరు మూత్రాన్ని చిన్న కార్ట్రిడ్జ్ గుండా పంపుతారు. ఆ కార్ట్రిడ్జ్‌లో ఉన్న పొడి, మూత్రంలోని ఆమ్లాలను పట్టుకుంటుంది. మిగతా చెత్తను కడిగేసి, అసిటిక్ యాసిడ్ పోసి పట్టుకున్నవాటిని దింపుతారు. దాన్ని సీ18 కాలమ్‌లోకి ఎక్కిస్తే ఒక్కో పదార్థం ఒక్కో నిమిషంలో బయటికొస్తుంది. 264 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని మ్యూకోనిక్ యాసిడ్ బాగా పీల్చుకుంటుంది, గ్రాఫ్ మీద శిఖరంలా లేస్తుంది. పద్ధతి మంచిదే, కానీ మూత్రంలో వందల ఆమ్లాలుంటాయి. ఏదో ఒకటి అదే నిమిషానికి వచ్చి ఆ శిఖరం భుజం మీద కూర్చుందంటే, కంప్యూటర్ రెండిటినీ కలిపి కొలిచేస్తుంది. అందుకే నా దగ్గర పనిచేసిన పిల్లలకు ఒకటే చెప్పేవాడిని. అంకె చూడకండి, ముందు గ్రాఫ్ చూడండి. శిఖరం రెండు వైపులా సమంగా ఉంటే రాయండి, కుంటుతుంటే మళ్లీ ఎక్కించండి. మీరు ల్యాబు వాళ్లని ఆ గ్రాఫ్, అంటే క్రోమటోగ్రామ్, అడగొచ్చు. ఇస్తారా అంటే, మంచి ల్యాబైతే ఇస్తుంది.

ఈ తలనొప్పులన్నిటికీ విరుగుడుగా ఇప్పుడు నమ్మేది ఎస్-ఫినైల్ మెర్కాప్ట్యూరిక్ యాసిడ్, పొట్టిగా ఎస్‌పీఎంఏ అంటాం. ఇదీ బెంజీన్ ముక్కే. ఏ కేకు నుంచీ రాదు. ఒంట్లో సగమవడానికి తొమ్మిది గంటల దాకా పడుతుంది కాబట్టి వేళ కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. దీనికి ఏసీజీఐహెచ్ చాలాకాలంగా ఇస్తూ వచ్చిన పరిమితి గ్రాము క్రియాటినిన్‌కి 25 మైక్రోగ్రాములు, మ్యూకోనిక్ యాసిడ్ దాంట్లో ఇరవయ్యో వంతు. అంత తక్కువ కాబట్టి కాంతితో కొలవడం కష్టం, అణువులను బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ మెషీన్ కావాలి. ఆ మెషీన్ పని నాకు చూడముచ్చటగా ఉండేది. ఎస్‌పీఎంఏ అణువు 238 బరువుతో లోపలికి వెళ్తుంది, మధ్యలో గ్యాసుతో ఢీకొట్టి పగలగొడితే 109 బరువున్న ముక్క బయటికొస్తుంది. లోపలికి 238, బయటికి 109, రెండూ కుదిరితేనే లెక్కలోకి వస్తుంది. పైగా మొదట్లోనే మూత్రంలో దీని కవలను కొలిచి వేస్తాం. ఐదు హైడ్రోజన్ల బదులు బరువు హైడ్రోజన్లు పెట్టి తయారుచేసిన ఎస్‌పీఎంఏ అది. దానిది 243 నుంచి 114. కార్ట్రిడ్జ్‌లో కొంత పోయినా, మూత్రంలోని ఉప్పులు సిగ్నల్‌ని అణగదొక్కినా కవలకి కూడా అదే గతి పడుతుంది. రెండిటి నిష్పత్తి మాత్రం చెడదు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది, పరీక్ష రాయించే డాక్టర్లలో కొద్దిమందికే తెలుసు. ఒంట్లోంచి నేరుగా వచ్చేది ఎక్కువ భాగం ఎస్‌పీఎంఏ కాదు, దానికి ముందు రూపం. మూత్రాన్ని గట్టి ఆమ్లంలోకి, పీహెచ్ 1 దాకా దింపితేనే అదంతా ఎస్‌పీఎంఏగా మారుతుంది. ఒక ల్యాబు ఆమ్లం వేసి, ఇంకో ల్యాబు వేయకుండా చేస్తే ఒకే డబ్బాలోంచి వచ్చిన రెండు అంకెలు కొన్ని రెట్లు తేడాగా ఉంటాయి. ఇద్దరూ నిజమే చెప్పినట్టు. కాబట్టి ఈసారీ వచ్చేసారీ ఒకే ల్యాబులో చేయించండి.

పొగతాగే అలవాటుందా అన్నది మీరు రాయలేదు. సిగరెట్ పొగలో బెంజీన్ ఉంటుంది, రెండు గుర్తులూ పెరుగుతాయి. ఒకసారి బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాళ్లకి తారు పొగ గుర్తు చూస్తున్నాం, 1-హైడ్రాక్సీపైరీన్ అంటారు దాన్ని. పోల్చడానికి ఏ ఫ్యాక్టరీకీ సంబంధం లేనివాళ్లు కావాలని జాలరిపేట నుంచి కొందరి దగ్గర డబ్బాలు తెచ్చాం. ఒక ముసలమ్మ అంకె ఓవెన్ పైన నిలబడేవాళ్లకి పోటీగా వచ్చింది. మేం డబ్బాలు మారిపోయాయని గొడవపడ్డాం. చివరికి మా అటెండర్ నవ్వి, "ఆవిడ అడ్డపొగ సార్" అన్నాడు. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మాది అంతా చదువుకున్న బ్యాచ్, ఒక్కరం కూడా ఆవిడను ఆ మాట అడగలేదు.

నిల్వ గురించి ఎక్కువ చెప్పను, ఒక్క సంగతి తప్ప. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం పనిచేసే చోట కరెంటు రోజుల తరబడి లేదు. జనరేటర్ డీజిలు రెండో రోజుకే అయిపోయింది. మైనస్ 20లో ఉన్న స్టైరీన్ వర్కర్ల శాంపిల్స్ కరిగి గది వేడికి వచ్చేశాయి. కరెంటు వచ్చాక కుతూహలం కొద్దీ పాత అంకెలున్న కొన్నిటిని మళ్లీ ఎక్కించాం. మాండెలిక్ యాసిడ్ ఉన్నచోటే ఉంది, ఫినైల్ గ్లయాక్సిలిక్ యాసిడ్ మాత్రం బాగా పడిపోయింది. రెండూ కూడి చెప్పాల్సిన పరీక్ష అది. ఆ బ్యాచ్ మొత్తం పారేశాం. మీ ఆయన శాంపిల్‌కి వస్తే, డబ్బాని ఎవరైనా బైకు బాక్సులో పెట్టి గంట తిప్పారా, ఐస్ బాక్సులో పంపారా అన్నది అడగండి.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఆయన్ని షిఫ్టులు వరసగా మూడు నాలుగు చేశాక, షిఫ్టు దిగిన అరగంటలోపు డబ్బా ఇమ్మనండి. ముందు రెండు రోజులు కేకు, చీజ్, ప్యాకెట్ జ్యూసులు మానాలి. నీళ్లు మామూలుగా తాగాలి, పరీక్ష బాగా రావాలని లీటర్లకొద్దీ తాగకూడదు. డబ్బా మీద తేదీ, టైము, ఆరోజు ఏ పని చేశారు, ఎన్ని ట్యాంకర్లు నింపారు, సిగరెట్ తాగితే ఎన్ని, ఇవన్నీ రాయించండి. ఎస్‌పీఎంఏ, క్రియాటినిన్ కలిపి అడగండి. ల్యాబుకి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా, అది ప్రత్యేకంగా ఈ పరీక్షకు కూడా ఉందా అని చూడండి. షుగరు పరీక్షకు గుర్తింపు ఉంటే దీనికీ ఉన్నట్టు కాదు. దీంతోపాటు రక్తకణాలను లెక్కపెట్టే మామూలు సీబీసీ పరీక్ష చేయించి, ఐదేళ్లలో ఆయనకు చేసిన పాత సీబీసీల పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి. బెంజీన్ ఎముక మూలుగ మీద పనిచేస్తే హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఏళ్ల తరబడి మెల్లగా దిగుతాయి. ఆ జారుడు మూత్రం అంకెలో కనపడదు, పాత కాగితాల వరసలో కనపడుతుంది. ఆ కాగితాలు కంపెనీ దగ్గర ఉంటే అడగడానికి మొహమాటపడకండి. ప్రమాదకర పరిశ్రమల్లో ఆరోగ్య రికార్డులు కార్మికుడికి చూపించాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే 41సీ సెక్షన్ చేర్చారు; ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్ వచ్చింది.

ఉద్యోగం మానాలా అన్నదానికి ఈ ఒక్క రిపోర్టుతో జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. ఒక్కటి మాత్రం ఈ వారమే చేయొచ్చు. నింపేటప్పుడు మ్యాన్‌హోల్ మూత మీద వంగి లోపలికి చూడకుండా, గాలి వచ్చే వైపు నిలబడమనండి. చేతి మీద పెట్రోలు పడితే పెట్రోలుతోనే కడిగే అలవాటు చాలామందికి ఉంది, అది మానమనండి, సబ్బుతో కడగాలి. ఆ బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. రెండో రిపోర్టు వచ్చాక అంకెతోపాటు క్రియాటినిన్, డబ్బా నింపిన టైము కూడా రాయండి, చూసి చెబుతాను.